యుద్ధ చిత్రాల్లో ఎదుటి పక్షం మనసు

ప్రశ్న: ఇవో జిమా దీవిపై 1945లో జరిగిన పోరు గురించి క్లింట్ ఈస్ట్‌వుడ్ 2006లో రెండు చిత్రాలు తీశారు: అమెరికన్ల వైపు నుంచి ఒకటి, జపనీయుల వైపు నుంచి 'లెటర్స్ ఫ్రమ్ ఇవో జిమా'. శత్రువు ఎందుకు పోరాడుతున్నాడో చూపితే అతణ్ణి సమర్థించినట్లు కాదా?

జవాబు 1: కాదనే నా అభిప్రాయం. 'లెటర్స్ ఫ్రమ్ ఇవో జిమా'లో, గాయాలతో చనిపోయిన అమెరికన్ సైనికుడికి తల్లి రాసిన ఉత్తరాన్ని నిషి అనే జపాన్ అధికారి జపనీస్‌లో చదువుతుంటే, గుహలోని సైనికులు ఒక్కొక్కరే లేచి నిలబడతారు. అందులో ఉన్నవి ఇంటి దగ్గరి మామూలు కబుర్లే. అవి తమ అమ్మ మాటల్లాగే ఉన్నాయని ఒక కుర్రాడు తర్వాత అంటాడు. ఇక్కడ సమర్థన ఎక్కడుంది?

జవాబు 2: సన్నివేశం గొప్పదే, కానీ సైనికుడి కారణం వేరు, రాజ్యం కారణం వేరు. 1937 నుంచి చైనాలో జపాన్ సాగించిన దురాక్రమణ గానీ, 1941లో అమెరికా జపాన్‌కు చమురు ఆపేయడం గానీ ఈ కథలోకి పెద్దగా రావు. ఆ లెక్క చెప్పడానికి పెర్ల్ హార్బర్‌పై జపాన్ దాడి గురించిన 1970 నాటి చిత్రం 'తోరా! తోరా! తోరా!' ప్రయత్నించింది, అందులో జపాన్ భాగాన్ని జపాన్ దర్శకులే తీశారు. (సమావేశాలు మరీ ఎక్కువ, ఓపిక కావాలి.)

ప్రశ్న అడిగినవారు: ఈ తేడా నాకు తట్టలేదు. అయితే ఇవో జిమాలో జపాన్ సేనాని కురిబయాషి ఆ రెండింటికీ మధ్య నిలుస్తాడేమో. అమెరికాలో కొంతకాలం ఉండి, ఆ దేశపు పారిశ్రామిక బలం స్వయంగా చూసినవాడు, గెలవలేమని తెలిసీ సొరంగాలు తవ్విస్తాడు.