ఎముకల మాత్రకు అయిదేళ్ల తర్వాత విరామం ఇవ్వవచ్చా?

నడకప్రియ:
మా అమ్మగారి వయసు 71. ఎముకలు గుల్లబారాయని తేలినప్పటి నుంచి వారానికొకసారి 70 మి.గ్రా. అలెండ్రోనేట్ మాత్ర వేసుకుంటున్నారు. ఇప్పటికి అయిదేళ్లు నిండాయి, ఇంతవరకు ఏ ఎముకా విరగలేదు. అయిదేళ్లు దాటితే ఆ మాత్ర వల్లనే తొడ ఎముక విరుగుతుందని, వెంటనే ఆపాలని మా చిన్నాన్నగారు అంటున్నారు. ఆపితే ఇన్నాళ్ల ఫలితం వృథా అవుతుందని మా అక్క వాదిస్తోంది. డాక్టర్‌ను కలిసే ముందు ఈ రెండు వాదనల్లో ఎంత బలం ఉందో తెలుసుకోవాలని అడుగుతున్నాను.

పాతపాఠకుడు:
విరామమే మేలని నా అభిప్రాయం. సుమారు అయిదేళ్లు అలెండ్రోనేట్ వాడిన స్త్రీలలో కొందరికి మరో అయిదేళ్లు అదే మందును, మిగిలినవారికి మందు లేని ఉత్తుత్తి మాత్రను ఇచ్చి పరిశీలించిన ఫ్లెక్స్ అధ్యయనం 2006లో వెలువడింది. వెన్ను మినహా తక్కిన ఎముకల ఫ్రాక్చర్లలో రెండు వర్గాలకూ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఈ మందు ఎముకలోని ఖనిజానికి అంటుకుని ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోతుంది గనుక, మింగడం మానినంత మాత్రాన దాని పని ఒక్కసారిగా ఆగదు. మరోవైపు, పెద్ద దెబ్బేమీ తగలకుండానే తొడ ఎముక నడిమి భాగం అడ్డంగా విరిగే ప్రమాదం వాడిన కాలంతో పాటు పెరుగుతుంది, ఆపాక తగ్గుతుంది. అలాంటప్పుడు కొనసాగించి సాధించేది ఏమిటి?

మందులచీటీ:
పాతపాఠకుడు గారు అదే అధ్యయనంలోని మరొక అంకెను వదిలిపెట్టారు. లక్షణాలతో బయటపడిన వెన్నుపూస ఫ్రాక్చర్లు మందు కొనసాగించినవారిలో 2.4 శాతం, ఆపినవారిలో 5.3 శాతం. వెన్నుపూస కుంగితే నడుము వంగుతుంది, ఎత్తు తగ్గుతుంది, దాని వెనుకే మరో పూస కుంగే అవకాశం పెరుగుతుంది. మీరు చెప్పిన తొడ ఎముక ఫ్రాక్చర్ నిజమే అయినా, అది చాలా అరుదు. పైగా అది తరచుగా ముందే హెచ్చరిస్తుంది: తొడలోనో గజ్జలోనో వారాల తరబడి మొండి నొప్పి ఉంటే తదుపరి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా డాక్టర్‌కు చెప్పి ఎక్స్‌రే తీయించుకోవాలి.

అమెరికన్ ఎముకల పరిశోధకుల సంఘం కార్యబృందం 2016లో ఇచ్చిన సూచన కూడా మాత్రలైతే అయిదేళ్లకు, ఏడాదికొకసారి నరంలోకి ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ అయితే మూడేళ్లకు ప్రమాదాన్ని తిరిగి అంచనా వేయమన్నదే తప్ప, అందరూ ఆపమన్నది కాదు. తుంటి టి-స్కోర్ (ఎముక సాంద్రతను ఆరోగ్యవంతులైన యువతతో పోల్చి చెప్పే అంకె; సున్నాకు ఎంత కిందికి పోతే ఎముక అంత బలహీనం) ఇంకా −2.5 గానీ అంతకంటే తక్కువగా గానీ ఉన్నవారి విషయంలో, ఇదివరకే తుంటి లేదా వెన్నుపూస విరిగినవారి విషయంలో, మాత్రను పదేళ్ల వరకు కొనసాగించడమో మరో మందుకు మారడమో ఆలోచించాలి.

నడకప్రియ గారూ, అంతకంటే ముందు తేల్చుకోవలసింది ఒకటుంది. అమ్మగారు మాత్రను ఎలా వేసుకున్నారు? పరగడుపున వేసుకున్నా ఈ మందులో ఒంటికి పట్టేది ఒక శాతం లోపే. కాఫీతో మింగితే అందులోనూ సగానికి పైగా పోతుంది. ఆహారంతో గానీ కాల్షియం మాత్రతో గానీ వేసుకుంటే దాదాపు ఏమీ మిగలదు. నిద్రలేవగానే గ్లాసు నిండా మంచినీళ్లతో మింగి, కనీసం అరగంట ఏమీ తినకుండా, పడుకోకుండా ఉండాలి. పడుకుంటే మాత్ర అన్నవాహికలో నిలిచి పుండు చేయవచ్చు. ఈ పద్ధతి పాటించకపోయి ఉంటే ఆ అయిదేళ్లను అయిదేళ్ల చికిత్సగా లెక్కించలేము, విరామం ప్రశ్నే తలెత్తదు.

నడకప్రియ:
పద్ధతి తప్పలేదు, కాల్షియం మధ్యాహ్న భోజనం తర్వాతే వేసుకుంటారు. ఎముక సాంద్రతను కొలిచే తాజా డెక్సా స్కాన్‌లో తుంటి టి-స్కోర్ −2.1 వచ్చింది. అయితే మా పెద్దమ్మగారు ఎముకల కోసమే ఆరు నెలలకొకసారి డెనోసుమాబ్ 60 మి.గ్రా. ఇంజెక్షన్ తీసుకుంటున్నారు. ఈ చర్చ విని ఆవిడ కూడా ఈసారికి మానేస్తానంటున్నారు.

మందులచీటీ:
దయచేసి ఆవిడను ఆపండి. ఈ ఒక్క విషయంలో రెండు పక్షాలు లేవు. డెనోసుమాబ్ ఎముకలో నిల్వ ఉండదు. దాని ప్రభావం తగ్గగానే ఎముకను కరిగించే కణాలు మునుపటికంటే ఉద్ధృతంగా పనిచేస్తాయి, కొందరిలో ఒకేసారి పలు వెన్నుపూసలు విరుగుతాయి. ఇంజెక్షన్ తేదీ ఒక నెలకు మించి జరగకుండా చూసుకోవాలి. మానవలసి వస్తే, దాని స్థానంలో అలెండ్రోనేట్ వంటి మందును డాక్టరే మొదలుపెట్టాలి. మూత్రపిండాల జబ్బు ముదిరినవారికి ఈ ఇంజెక్షన్‌తో రక్తంలో కాల్షియం ప్రమాదకరంగా పడిపోవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2024లో తీవ్ర హెచ్చరిక జారీ చేసింది గనుక, అటువంటి జబ్బు ఉంటే ఇంజెక్షన్‌కు ముందూ తర్వాతా కాల్షియం పరీక్ష అవసరం.

పాతపాఠకుడు:
ఇంజెక్షన్ సంగతిలో విభేదించను. నేను మాట్లాడింది మాత్ర గురించే. −2.1 ఉండి, ఎన్నడూ ఎముక విరగని మనిషికి విరామం న్యాయమే కదా?

సాయంకాలం:
కాగితం మీద న్యాయమే. నా అభ్యంతరం ఆచరణ గురించి. విరామం అన్న మాట ఇంట్లోకి వచ్చేసరికి శాశ్వత విరమణ అవుతుంది. మాత్రలతో పాటు స్కాన్లూ, డాక్టర్ దగ్గరికి వెళ్లడమూ మానేస్తారు. తిరిగి చూపించుకునే తేదీ రాసి ఇవ్వని విరామానికి నేను ఒప్పుకోను. రెండు మూడేళ్లలో ఎముక సాంద్రత మళ్లీ చూడాలి, ఈలోగా ఎముక విరిగినా, కొత్తగా స్టెరాయిడ్ మాత్రలు మొదలైనా ఆ తేదీ కోసం ఎదురుచూడకూడదు. కాల్షియం, విటమిన్ డి, నడక విరామంలోనూ సాగాలి. అలెండ్రోనేట్ కోవకే చెందిన రైసిడ్రోనేట్ మాత్ర వాడినవారికైతే ఎముకలో నిల్వ తక్కువ, కనుక విరామాన్ని ఇంకా ముందుగానే తిరిగి పరిశీలించాలి.