స్థానిక ఫైబర్‌లో ముంబై గేమ్ సర్వర్‌కు పింగ్ 120 దాటుతోంది: ఇది లైన్ లోపమా, కంపెనీల మధ్య వివాదమా?

ప్రశ్న: నయీంనగర్ గేమింగ్ సెంటర్, హన్మకొండ

మిత్రులందరికీ నమస్కారం. నేను నయీంనగర్‌లో ఒక చిన్న గేమింగ్ సెంటర్ నడుపుతున్నాను. మా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది చుట్టుపక్కల హాస్టళ్లలో ఉండి చదువుకునే విద్యార్థులు. సెంటర్‌లో రెండు ఇంటర్నెట్ కనెక్షన్లు ఉన్నాయి. మొదటిది స్థానిక కేబుల్ ఆపరేటర్ ద్వారా వచ్చే 200 ఎంబీపీఎస్ ఫైబర్; రెండవది దేశమంతటా సేవలు అందించే ఒక పెద్ద కంపెనీది, దాని వేగం ఇందులో సగమే. మొదటి కనెక్షన్ మీద వాలరెంట్ ఆడేవారికి ఇంతకుముందు 30 మిల్లీసెకన్ల దగ్గర నిలకడగా ఉండే ముంబై సర్వర్ పింగ్ (సర్వర్‌కు పంపిన సంకేతానికి జవాబు రావడానికి పట్టే సమయం), కొంతకాలంగా రోజంతా 120కి పైనే ఉంటోంది; రాత్రి ఎనిమిది దాటాక దానికి తోడు ప్యాకెట్ లాస్ (డేటా ముక్కలు దారిలో పోవడం) కూడా మొదలవుతోంది. అదే సమయంలో స్పీడ్ టెస్ట్ చేస్తే 200 ఎంబీపీఎస్ పూర్తిగా చూపిస్తుంది, యూట్యూబ్ ఎక్కడా ఆగదు, పక్క సిస్టమ్‌లో కౌంటర్-స్ట్రైక్ 2 ఆడుతున్న కుర్రాడికి ఏ ఇబ్బందీ ఉండదు. రెండవ కనెక్షన్‌కు మారిస్తే వాలరెంట్ కూడా మామూలుగానే నడుస్తుంది.

ఆపరేటర్‌ను అడిగితే పైన రెండు కంపెనీలకు పొసగడం లేదని, తన చేతిలో ఏమీ లేదని అంటున్నారు. ఎవరో రెండు కంపెనీలు గొడవపడితే మన దేశంలోనే ఉన్న సర్వర్ మనకు దూరమవుతుందా? అయితే దానిని ఎలా నిర్ధారించుకోవాలి, ఎవరికి ఫిర్యాదు చేయాలి? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

సమాధానం: కాజీపేట వాసి, నెట్‌వర్క్ ఇంజినీరు

మీ ఆపరేటర్ చెప్పినది సాకు కాకపోవచ్చు. మీరిచ్చిన వివరాలలో అన్నిటికంటే విలువైనది కౌంటర్-స్ట్రైక్ 2 బాగానే నడుస్తోందన్న మాట. లోపం మీ రూటర్‌లోనో, వీధి స్తంభం మీద ఉన్న పెట్టెలోనో ఉంటే రెండు ఆటలూ కలిసే చెడిపోవాలి. ఒక ఆట బాగుండి మరొకటి చెడిందంటే, రెండింటి దారులు ఎక్కడో పైన విడిపోతున్నాయని అర్థం.

ఒక ఐఎస్పీ (ఇంటర్నెట్ సేవ అందించే సంస్థ) తన పరిధిలో లేని నెట్‌వర్క్‌ను చేరుకోవడానికి ప్రధానంగా రెండు పద్ధతులున్నాయి. రెండు నెట్‌వర్క్‌లు ఒకచోట కలుసుకొని తమ తమ వినియోగదారుల ట్రాఫిక్‌ను నేరుగా ఇచ్చిపుచ్చుకుంటే అది పీరింగ్. డబ్బు చెల్లించి మరో పెద్ద నెట్‌వర్క్ ద్వారా మిగతా ప్రపంచాన్ని చేరుకుంటే అది ట్రాన్సిట్. వాలరెంట్‌ను నడిపే రయట్ సంస్థకు సొంత నెట్‌వర్క్ ఉంది, మీ ఐఎస్పీ గానీ దానికి బ్యాండ్‌విడ్త్ అమ్మే సంస్థ గానీ ఆ నెట్‌వర్క్‌ను దేశంలోనే కలుసుకోవాలి. కౌంటర్-స్ట్రైక్ తయారుచేసిన వాల్వ్ సంస్థ ఆటగాళ్లను తన రిలేల (మధ్యవర్తి సర్వర్ల) ద్వారా సర్వర్లకు చేరుస్తుంది; దానికి ముంబైలోనూ చెన్నైలోనూ కేంద్రాలు ఉన్నాయి కాబట్టి ఒక దారి చెడితే మరో దారి దొరికే అవకాశం ఎక్కువ.

ఇక దూరం లెక్క. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది, అంటే ప్రతి వెయ్యి కిలోమీటర్లకు రానుపోను 10 మిల్లీసెకన్లు. హన్మకొండ నుంచి హైదరాబాద్ మీదుగా ముంబైకి రోడ్డు దూరం దాదాపు 850 కిలోమీటర్లు. కేబుల్ వంపులు, మధ్యలోని రూటర్లు కలుపుకొని 30 మిల్లీసెకన్లు రావడం సహజమే. 120 రావడానికి మాత్రం దేశంలోపలి దూరం చాలదు. చెన్నై నుంచి సింగపూర్‌కు సముద్రగర్భ కేబుల్ పొడవు సుమారు 3,200 కిలోమీటర్లు. మీ ప్యాకెట్ అక్కడిదాకా వెళ్లి మళ్లీ ముంబైకి వస్తూ, జవాబు కూడా అదే దారిన తిరిగి వస్తే, అంకె సరిగ్గా మీరు చూస్తున్న చోటికే చేరుతుంది. కాజీపేట నుంచి వరంగల్ స్టేషన్‌కు పోవలసిన బండిని బల్లార్షా మీదుగా తిప్పినట్టన్నమాట.

ఇలాంటి మళ్లింపు ఎందుకు జరుగుతుందంటే, రెండు నెట్‌వర్క్‌ల మధ్య ఒప్పందం తెగిపోయినప్పుడు వాటిని కలిపే మూడో నెట్‌వర్క్ దేశం బయట ఉండవచ్చు. 2008 అక్టోబరు చివరలో అమెరికాలో స్ప్రింట్ సంస్థ కోజెంట్‌తో సంబంధం తెంచుకున్నప్పుడు, కేవలం స్ప్రింట్ మీద ఆధారపడినవారు కేవలం కోజెంట్ మీద ఆధారపడినవారిని కొన్ని రోజుల పాటు చేరుకోలేకపోయారు. మనకు దగ్గరి ఉదాహరణ 2024 నాటిది. టాటా కమ్యూనికేషన్స్, కోజెంట్ సంస్థలు అమెరికాలోనూ ఐరోపాలోనూ కలుసుకునేవి గానీ ఆసియాలో కలుసుకునేవి కావు. ఆ అసమానత మీదే తగవు పెరిగి, 2024 మే నెలలో కోజెంట్ ఆ పీరింగ్‌ను తెంచడం మొదలుపెట్టింది. ఆసియాలో కలుసుకోని రెండు నెట్‌వర్క్‌ల మధ్య ప్యాకెట్ సముద్రం దాటి రావలసిందేనని గమనించండి.

అయితే మీరు రెండు లక్షణాలు చెప్పారు, వాటిని కలపకూడదు. రోజంతా 120 ఉండటం దారి మళ్లిందనడానికి గుర్తు. రాత్రి మాత్రమే ప్యాకెట్ లాస్ రావడం, ఎక్కడో ఒక లింకు నిండిపోతోందనడానికి గుర్తు. వివాదాలలో తెగతెంపులు చేసుకోవడం అరుదు; పోర్టు (రెండు నెట్‌వర్క్‌లు కలిసే చోటు) నిండిపోయినా దాని సామర్థ్యం పెంచకుండా, ఖర్చు నీదంటే నీదని కూర్చోవడమే ఎక్కువ. నా అభిప్రాయంలో ఆటగాడికి ఇది తెగతెంపులకంటే చెడ్డది, ఎందుకంటే పగలు పరీక్షించిన ఇంజినీరుకు ఏమీ కనిపించదు.

మరో మాట కూడా చెప్పాలి. ఈ తగవులన్నీ సాధారణంగా వీడియో ట్రాఫిక్ భారం గురించి జరుగుతాయి. వీడియో చూసేవారికి మాత్రం దెబ్బ తగలదు, ఎందుకంటే గూగుల్, నెట్‌ఫ్లిక్స్ వంటి సంస్థల క్యాష్ సర్వర్లు (వీడియోల నకళ్లను దగ్గరలో ఉంచేవి) చాలా ఐఎస్పీల దగ్గరే ఉంటాయి, పైగా వీడియో కొన్ని సెకన్లు ముందుగానే నిల్వ చేసుకుంటుంది. స్పీడ్ టెస్ట్ సర్వర్ కూడా తరచుగా ఐఎస్పీ నెట్‌వర్క్ లోపలే ఉంటుంది కాబట్టి అంకె నిండుగా వస్తుంది. ఆట వాడుకునేది ఒక ఎంబీపీఎస్ కంటే తక్కువే, కానీ దానికి నిల్వ అనే సౌకర్యం లేదు; ప్రతి ప్యాకెట్ ఆ క్షణానికే చేరాలి. అందువల్ల తగవు భారంలో పిసరంత కూడా లేని ఆటగాడే దాని ఫలితాన్ని మొదట అనుభవిస్తాడు, ఫిర్యాదు చేసేవారి సంఖ్య తక్కువ కావడం వల్ల ఎవరూ తొందరపడరు.

నిర్ధారణకు, దారిలోని ఒక్కో రూటర్‌ను చూపించే విన్‌ఎంటీఆర్ అనే ఉచిత ప్రోగ్రామ్ వాడండి. ఆట నడుస్తున్నప్పుడు విండోస్ రిసోర్స్ మానిటర్‌లో కనిపించే సర్వర్ చిరునామాకు, రెండు కనెక్షన్ల మీదా, పగలొకసారి రాత్రి పది గంటలకొకసారి నడపండి. సర్వర్ జవాబివ్వకపోయినా అంతవరకు వచ్చిన దారి కనిపిస్తుంది. మధ్యలో ఒక్క రూటర్ దగ్గర మాత్రమే లాస్ కనిపించి, దాని తరువాతి వాటిలో లేకపోతే దానిని పట్టించుకోవద్దు, చాలా రూటర్లు ఇలాంటి పరీక్షలకు జవాబివ్వడాన్ని తగ్గించుకుంటాయి. ఇంకొక హెచ్చరిక: ఈ పరీక్ష వెళ్లే దారినే చూపిస్తుంది, తిరిగివచ్చే దారి వేరుగా ఉండవచ్చు.

సమాధానం: జమ్మికుంట కేబుల్ ఆపరేటర్

అన్నా, మా వైపు సంగతి కూడా చెప్పనివ్వండి. ఊళ్లో లైన్ లాగి, బిల్లు వసూలు చేసేది మేము. హైదరాబాద్‌లో బ్యాండ్‌విడ్త్ ఎవరి దగ్గర కొనాలో నిర్ణయించేది మా పైనున్న ఐఎస్పీ. వారు కొనే బ్యాండ్‌విడ్త్ కూడా ఒకే ముద్ద కాదు. క్యాష్ వాటా, పీరింగ్ వాటా, అసలు ఇంటర్నెట్ వాటా అని విడివిడిగా ధర ఉంటుంది, వాటిలో చివరిదే ఖరీదైనది. పోటీలో నెలబిల్లు తగ్గించాల్సి వచ్చినప్పుడు కోత పడేది కూడా దాని మీదే. మీ దగ్గర జరిగినది రెండు కంపెనీల కొట్లాట కాక, మీ ఐఎస్పీ చవక ధరకు వేరొక అప్‌స్ట్రీమ్‌కు (బ్యాండ్‌విడ్త్ అమ్మే పై సంస్థకు) మారడం కూడా కావచ్చు. బయటికి లక్షణం ఒక్కటే. వినియోగదారులలో ఎంబీపీఎస్ ఎంత, బిల్లు ఎంత అని అడిగేవారే తప్ప ముంబైకి దారి ఎటు అని అడిగినవారు నాకు ఇంతవరకు తగలలేదు.

స్తంభాల మీది తీగల వివాదాన్ని దీనితో కలపవద్దని కూడా మనవి. 2025 ఆగస్టులో రామంతాపూర్ విద్యుదాఘాత ప్రమాదం తరువాత హైదరాబాద్‌లో తీగలు తొలగించినప్పుడు మొత్తం నెట్టే పోయింది. ఒక ఆటకు మాత్రమే పింగ్ పెరగలేదు.

సమాధానం: మంచిర్యాల ఆటగాడు

తాత్కాలికంగా క్లౌడ్‌ఫ్లేర్ వార్ప్ (ట్రాఫిక్‌ను తన నెట్‌వర్క్ మీదుగా పంపే వీపీఎన్ తరహా ప్రోగ్రామ్) వంటిది పెట్టి చూడండి. దాని వల్ల ప్యాకెట్ వేరే నెట్‌వర్క్ ద్వారా పోతుంది కాబట్టి, పింగ్ ఒక్కసారిగా 40కి దిగితే దోషం దారిలోనే ఉందని తేలిపోతుంది. అయితే దీనినే శాశ్వత పరిష్కారంగా పెట్టుకోవద్దు. కొన్ని ఆటలు, కొన్ని టోర్నమెంట్లు వీపీఎన్‌ను అంగీకరించవు. ఎర్ర సముద్రంలో కేబుళ్లు తెగాయని చెప్పి తప్పించుకునేవారు కూడా ఉన్నారు. ఆ దారి ఐరోపా వైపు పోయేది, ముంబై సర్వర్‌కూ దానికీ సంబంధం లేదు.

సమాధానం: సుబేదారి న్యాయవాది

ఫిర్యాదు విషయానికి వస్తే, ముందుగా మీ ఐఎస్పీ ఫిర్యాదుల కేంద్రంలో నమోదు చేసి డాకెట్ నంబరు తీసుకోండి. 2012 నాటి ట్రాయ్ (టెలికాం నియంత్రణ సంస్థ) నిబంధనల ప్రకారం, అక్కడ పరిష్కారం దొరకకపోతే అదే సంస్థలోని అప్పిలేట్ అథారిటీకి వెళ్లవచ్చు, అది 39 రోజులలో తేల్చాలి. ట్రాయ్ నేరుగా వ్యక్తిగత ఫిర్యాదులను విచారించదు. కంపెనీల మధ్య అనుసంధాన వివాదాలను విచారించేది టీడీశాట్ అనే టెలికాం ట్రిబ్యునల్, అందులో వినియోగదారునికి పాత్ర లేదు. టెలికాం సేవల మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చునని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో స్పష్టం చేసింది గానీ, మీది వ్యాపార స్థలం కాబట్టి వాణిజ్య ప్రయోజనమనే అభ్యంతరం తప్పక వస్తుంది. స్వయం ఉపాధి కోసమే సెంటర్ నడుపుతున్నట్టు మీరు చూపించవలసి ఉంటుంది.

అసలు చిక్కు మరొకటి ఉంది. 2006 నాటి బ్రాడ్‌బ్యాండ్ నాణ్యతా నిబంధనలు లేటెన్సీని (జాప్యాన్ని) ఐఎస్పీ నుంచి అంతర్జాతీయ గేట్‌వే లేదా నిక్సీ (దేశీయ ఐఎస్పీలు కలుసుకునే ఎక్స్ఛేంజీ) వరకు కొలిచి, 120 మిల్లీసెకన్ల లోపు ఉండాలన్నాయి. 2024 అక్టోబరు 1 నుంచి వచ్చిన కొత్త నిబంధనలు ప్రమాణాలను కఠినతరం చేశాయి, అయినా ఏదో ఒక గేమ్ సర్వర్‌కు ఇంత పింగ్ రావాలని చట్టం చెప్పదు. 2018లో కేంద్రం ఆమోదించిన నెట్ న్యూట్రాలిటీ సూత్రాలు ఉద్దేశపూర్వకంగా అడ్డుకోవడాన్ని, నెమ్మది చేయడాన్ని నిషేధిస్తాయి. నిండిపోయిన పోర్టును పెంచకపోవడం ఆ నిర్వచనంలోకి వస్తుందని వాదించి గెలవడం కష్టం.

ప్రశ్న వేసినవారి స్పందన: నయీంనగర్ గేమింగ్ సెంటర్

అందరికీ ధన్యవాదాలు. విన్‌ఎంటీఆర్ నడిపాను. పెద్ద కంపెనీ కనెక్షన్‌లో హైదరాబాద్ తరువాత నేరుగా ముంబై కనిపిస్తోంది. స్థానిక ఫైబర్‌లో చెన్నై తరువాత సింగపూర్‌ను సూచించే పేరున్న రూటర్ వస్తోంది, అక్కడే అంకె 20ల నుంచి 60కి దూకుతోంది. వార్ప్ పెడితే పింగ్ 40 లోపుకు వచ్చింది. ఆపరేటర్‌కు ఈ చిత్రాలు పంపితే పైకి పంపుతానన్నారు. హైదరాబాద్‌లోనే నిక్సీ కేంద్రం ఉన్నప్పుడు మా ఐఎస్పీ అక్కడ కలిస్తే సరిపోదా?

సమాధానం: కాజీపేట వాసి, నెట్‌వర్క్ ఇంజినీరు

రూటర్ పేరు ఒక్కటే అయితే నమ్మవద్దనేవాడిని, పేర్లు పాతవి ఉండిపోతాయి. పేరుతోపాటు అంకె కూడా దూకింది కాబట్టి సందేహం లేదు.

నిక్సీ 2003లో ఏర్పడినదే దేశీయ ట్రాఫిక్ విదేశాలు తిరిగి రాకూడదని. కానీ దాని నియమం ప్రకారం ఒక్కో కేంద్రంలో సభ్యులు కనీసంగా ప్రకటించవలసినవి ఆ ప్రాంతపు రూట్లే (తమ ద్వారా ఏ చిరునామాలను చేరుకోవచ్చో చెప్పే దారులు). హైదరాబాద్ కేంద్రంలో కలిసినంత మాత్రాన ముంబైలో ఉన్న సర్వర్ రూటు అక్కడ దొరుకుతుందన్న హామీ లేదు. ట్రాఫిక్ ఎక్కువగా అందుకునేవారే ఎదుటివారికి చెల్లించాలన్న లెక్క కూడా అక్కడ చాలాకాలం అమలులో ఉండేది, చిన్న ఐఎస్పీలు దూరంగా ఉండటానికి అదొక కారణం. అందువల్ల మీ ఆపరేటర్‌ను నిక్సీ గురించి అడగకండి. రయట్ నెట్‌వర్క్ నంబరు ఏఎస్ 6507. పీరింగ్‌డీబీ అనే బహిరంగ జాబితాలో ఆ నంబరు వెతికితే అది ఏయే ఎక్స్ఛేంజీలలో ఉందో కనిపిస్తుంది. వాటిలో ముంబైవి రాసుకొని, వాటిలో ఒకదానిలోనైనా మీ ఐఎస్పీ గానీ దాని అప్‌స్ట్రీమ్ గానీ ఉందా, ఉంటే ఆ రూటును ఎందుకు తీసుకోవడం లేదు అని రాతపూర్వకంగా అడిగించండి. ఇలా అడిగితే ప్రశ్న ఫిర్యాదుల కేంద్రంలో ఆగకుండా వారి నెట్‌వర్క్ విభాగానికి చేరుతుంది, సరిచేయడం కొన్నిసార్లు ఒక చిన్న కాన్ఫిగరేషన్ మార్పుతోనే అయిపోతుంది.

అంతవరకు రెండు వ్యాన్ పోర్టులున్న (రెండు ఇంటర్నెట్ కనెక్షన్లు కలపగల) రూటర్ పెట్టి, ఏఎస్ 6507 చిరునామాలకు పోయే ట్రాఫిక్‌ను మాత్రమే పెద్ద కంపెనీ కనెక్షన్ మీదికి మళ్లించండి. ఆట తక్కువ బ్యాండ్‌విడ్త్ వాడుతుంది కాబట్టి సెంటర్ మొత్తానికీ ఆ సగం వేగం సరిపోతుంది; డౌన్‌లోడ్లు, అప్‌డేట్లు స్థానిక ఫైబర్ మీదే ఉంచండి.