అప్‌డేట్: సోలార్ గాలి పైపు నుంచి నీళ్లు పొర్లడం ఆగింది

నల్లగొండలో మా డాబా మీది సోలార్ హీటర్ గాలి పైపు (ట్యాంకు మీద తెరిచి ఉండే గొట్టం) నుంచి నీళ్లు పొర్లుతున్నాయని, గీజరుకు వచ్చే వేడినీళ్లు చల్లబడుతున్నాయని అడిగాను కదా. సోలార్ బాగానే ఉంది. తేడా అంతా ప్రెషర్‌లో.

చల్లనీళ్ల లైనుకు పంపు ఉంది, ప్రెషర్ సుమారు 1.5 బార్. సోలార్ నీళ్లకు ఎత్తే దిక్కు: 10 మీటర్లకు దాదాపు 1 బార్, మాకున్నది 5 మీటర్లు, అంటే అర బారే. హ్యాండ్ షవర్ గన్ ఆపి, మిక్సర్ (వేడినీళ్లు, చల్లనీళ్లు కలిపే కుళాయి) రెండు నాబ్‌లు తెరిచే ఉంచితే చల్లనీళ్లు మిక్సర్ లోంచి అడ్డం తిరిగి, గీజరు దాటి సోలార్ ట్యాంకుకు ఎక్కుతున్నాయి. గన్ నొక్కకుండా వేడి పైపు మీద చెయ్యి పెడితే మిక్సర్ వైపు నుంచి చల్లబడుతూ పోవడం తెలిసింది.

గీజరు ఇన్‌లెట్ సేఫ్టీ వాల్వులోని నాన్‌రిటర్న్ (నీళ్లను వెనక్కి పోనివ్వని బిళ్ల) దీన్ని ఆపాలి. విప్పితే లోపల తెల్లగా సున్నం పేరుకుని, బిళ్ల సగంలో ఇరుక్కుని ఉంది. మన బోరు నీళ్లకు ఏడాదికోసారైనా విప్పి చూడాల్సిందే.

కరెంటు ఆపి, వాల్వు మార్చాం. అసలు మందు మాత్రం ఇది: మిక్సర్ చల్లనీళ్లను పంపు తర్వాత కాకుండా, నేరుగా ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి తీసుకున్నాం. రెండు వైపులా ఒకే ఎత్తు, ఒకే ప్రెషర్.

సోలార్ ఇన్‌లెట్‌కు పంపు పెట్టమని ఒకరు సూచించారు. గాలి పైపున్న ట్యాంకుకు అది వద్దు, ఉబ్బి పగలొచ్చు. గాలి పైపుకు వాల్వు అసలే పెట్టకండి.

ఇప్పుడు గీజరు కాగేటప్పుడు సేఫ్టీ వాల్వు నుంచి నాలుగు చుక్కలు పడుతున్నాయి. వ్యాకోచించిన నీళ్లు ఇదివరకు వెనక్కి పోయేవి, ఇప్పుడు అటు దారి లేదు. చుక్కలు పడే ఆ వాల్వు రంధ్రం మూయొద్దు.