ఒహైయోలో క్యాథలిక్ బడి స్కాలర్‌షిప్‌లు: చట్టసభ కమిటీ ముందు తల్లిదండ్రులు ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి?

ప్రశ్న (డబ్లిన్, ఒహైయో నుంచి)

నమస్కారమండీ. మా పిల్లలిద్దరూ క్యాథలిక్ బడిలో 3, 6 తరగతులు చదువుతున్నారు. 2027 బడ్జెట్‌లో ఎడ్‌ఛాయిస్ స్కాలర్‌షిప్‌కు (ప్రైవేటు బడి ఫీజుకు రాష్ట్రం ఇచ్చే సాయం) కోత పడకుండా తల్లిదండ్రులు ముందుకు రావాలని బడివాళ్ళు అడుగుతున్నారు. మేము హిందువులం, హెచ్-1బీ మీద ఉన్నాం. మాలాంటివాళ్ళు కమిటీ ముందు మాట్లాడవచ్చా? మాట్లాడితే ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు 1 (కొలంబస్ నుంచి)

నిరభ్యంతరంగా మాట్లాడవచ్చండీ. కమిటీ ముందు విన్నపం చెప్పుకోవడానికి పౌరసత్వం అక్కర్లేదు, మతం ఎవరూ అడగరు. ఎవరి దగ్గరా డబ్బు తీసుకోకుండా మీ పిల్లల కోసం మీరు మాట్లాడుతున్నారు కాబట్టి లాబీయిస్టుగా నమోదు కానక్కర్లేదు.

జాగ్రత్త పడాల్సింది రెండు చోట్ల. హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళు ఏ అభ్యర్థికీ, ఏ పార్టీకీ ఒక్క డాలరు కూడా విరాళం ఇవ్వకూడదు. నిధుల కోసం పెట్టే విందుకు టికెట్టు కొన్నా అది విరాళమే. రెండోది, బ్యాలెట్ పిటిషన్ల (ఒక విషయాన్ని ప్రజల వోటుకు పెట్టమని కోరే అర్జీల) మీద సంతకం. నమోదైన వోటర్లు మాత్రమే చేయాలి. బడి గేటు దగ్గర ఎవరైనా అట్ట పట్టుకొచ్చి "ఇక్కడో సంతకం" అంటే మొహమాటపడకుండా వద్దనండి.

ఇక అసలు విషయం. "క్యాథలిక్ బడులకు నిధులు" అని ఒక్క మాటలో అనేస్తాం గానీ ఒహైయోలో ఆ డబ్బు నాలుగు దారుల్లో వస్తుంది. మొదటిది పిల్లల పేరున వచ్చే ఎడ్‌ఛాయిస్ స్కాలర్‌షిప్. రెండోది ఆగ్జిలరీ సర్వీసెస్, అంటే మతంతో సంబంధం లేని పాఠ్యపుస్తకాలు, నర్సు, స్పీచ్ థెరపీ లాంటివాటికి. మూడోది రాష్ట్రం కోరిన రికార్డులు, నివేదికలు తయారుచేసినందుకు బడికి తిరిగిచ్చే పరిపాలనా ఖర్చు. నాలుగోది స్కాలర్‌షిప్ సంస్థలకు ఇచ్చే విరాళం మీద పన్ను మినహాయింపు. ఒక్కొక్కరికి 750 డాలర్ల వరకు, భార్యాభర్తలు కలిసి రిటర్ను వేస్తే 1,500 వరకు, ఇచ్చినదంతా రాష్ట్ర పన్నులోంచి తగ్గుతుంది.

ఏ దారి గురించి అడుగుతున్నారో తేల్చుకోకుండా వెళ్ళకండి. "మా బడికి సాయం చేయండి" అంటే సభ్యుడు తలూపి ఊరుకుంటాడు. దాన్ని బడ్జెట్‌లో ఏ పద్దు కింద రాసుకోవాలో ఆయనకు తెలియదు మరి.

జవాబు 2 (సిన్సినాటి నుంచి)

పై జవాబుకు అంకెలు జోడిస్తున్నాను. 2023లో హౌస్ బిల్లు 33 వచ్చాక ఎడ్‌ఛాయిస్‌కు ఆదాయంతో నిమిత్తం లేకుండా అందరూ అర్హులే. కానీ అందరికీ ఒకే మొత్తం రాదు. ఆ చట్టం కింద 2024-25కు పూర్తి మొత్తం ఎనిమిదో తరగతి వరకు 6,166 డాలర్లు, 9 నుంచి 12 వరకు 8,408 డాలర్లు. సమాఖ్య పేదరిక గీతకు (కేంద్ర ప్రభుత్వం ప్రకటించే పేదరిక ఆదాయ హద్దుకు) 450 శాతం లోపు ఆదాయం ఉంటే పూర్తిగా వస్తుంది. 2025 గీత ప్రకారం నలుగురి కుటుంబానికి ఆ హద్దు 1,44,675 డాలర్లు. అది దాటితే మెట్లు మెట్లుగా తగ్గుతుంది. ఎంత ఆదాయమున్నా పది శాతానికి తగ్గదు, అంటే చిన్న తరగతులకు సుమారు 617 డాలర్లు.

భార్యాభర్తలిద్దరూ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న మన ఇళ్ళు చాలావరకు ఆ హద్దు పైనే ఉంటాయి. అందుకని మీకు వస్తున్నది పూర్తి మొత్తమా, కోసిన మొత్తమా అన్నది అవార్డు లెటర్ తీసి చూసుకోండి. తప్పు అంకె చెబితే దాని మీదే ప్రశ్న వస్తుంది.

ఇంకొక సంగతి గట్టిగా చెప్పాలి. ఆ పేదరిక గీతకు 200 శాతం లోపు (నలుగురికి 64,300 డాలర్లు) ఉన్న కుటుంబాల దగ్గర బడి స్కాలర్‌షిప్‌కు మించి ట్యూషన్ వసూలు చేయకూడదు. కోత పడితే ముందు దెబ్బ తగిలేది వాళ్ళకే. మీ బడిలో అలాంటి కుటుంబం ముందుకొస్తే మీకన్నా ముందు వాళ్ళను మాట్లాడనివ్వండి. వాళ్ళకు గంటల జీతం ఉద్యోగమైతే ఆ పూట పిల్లలను చూసుకోవడం, స్టేట్‌హౌస్‌కు (రాష్ట్ర చట్టసభ భవనానికి) దింపడం మీరు చేయండి. ఉద్యమానికి అంతకన్నా పెద్ద సాయం లేదు.

జవాబు 3 (కొలంబస్ నుంచి)

తేదీల సంగతి. ఒహైయో బడ్జెట్ రెండేళ్ళకోసారి, బేసి సంవత్సరాల్లో. జూలై 1న కొత్త ఆర్థిక సంవత్సరం మొదలవుతుంది కాబట్టి జూన్ 30లోపు గవర్నర్ సంతకం కావాలి. మామూలుగా గవర్నర్ ప్రతిపాదన ఫిబ్రవరి మొదట్లో వస్తుంది. కొత్త గవర్నర్‌కైతే మార్చి 15 వరకు గడువు ఉంటుంది. 2027లో వచ్చేది కొత్త గవర్నరే, కాబట్టి హౌస్‌లో (దిగువ సభలో) హియరింగులకు, అంటే కమిటీ విచారణలకు, రోజులు తక్కువ మిగలవచ్చు. జనవరిలోనే కాగితం సిద్ధం చేసుకోండి.

ముందు హౌస్ ఫైనాన్స్ కమిటీ, దాంతోపాటు విద్య భాగాన్ని చూసే కమిటీ గానీ ఉపకమిటీ గానీ. ఆ తర్వాత సెనేట్. రెండు సభల బిల్లు పాఠాలు కలవకపోతే వాటిని కలిపి రాసే కాన్ఫరెన్స్ కమిటీ. తల్లిదండ్రుల మాటకు ఎక్కువ విలువ ఉండేది ఆ తొలి కమిటీల దశలో, పద్దులు ఇంకా కదిలే వీలున్నప్పుడు. జూన్‌లో బస్సులు కట్టుకుని వెళ్తే ఫొటోలు బాగుంటాయి గానీ అప్పటికి అంకెలు చాలావరకు కుదిరిపోయి ఉంటాయి.

హియరింగ్ నోటీసు వచ్చిన రోజే ఛెయిర్ కార్యాలయానికి ఈమెయిల్ పంపండి. రెండు జతచేయాలి: సాక్షి వివరాల ఫారం, మీ ప్రసంగ పాఠం పీడీఎఫ్. గడువు నోటీసులో ఉంటుంది, సాధారణంగా 24 గంటల ముందు. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. ఉదయం పది గంటల హియరింగ్‌కు ముందురోజు రాత్రి పంపి, "పంపాం కదా" అనుకుంటారు. ఫారంలో అనుకూలం, వ్యతిరేకం, ఆసక్తి గల పక్షం అని ఉంటాయి. మీరు కోరే భాగం బిల్లులో ఉంటే అనుకూలం. బిల్లులో లేనిది చేర్చమనో, ఉన్నది మార్చమనో అడుగుతుంటే ఆసక్తి గల పక్షం.

మీరు పంపిన పాఠాన్ని కమిటీ వెబ్‌సైట్‌లో అందరికీ కనిపించేలా పెడతారు. పిల్లల పూర్తి పేరు, ఫొటో, జబ్బుల వివరం రాయకండి. "మా ఆరో తరగతి అమ్మాయి" అంటే చాలు. ఆఫీసు ఈమెయిల్ నుంచి పంపకండి.

ప్రశ్న (డబ్లిన్ నుంచి)

చాలా సంతోషమండీ. పాఠం ఎంత పొడవుండాలి? ఎదురు ప్రశ్నలు వేస్తారా?

జవాబు 4 (క్లీవ్‌లాండ్ నుంచి)

ఒక పేజీ. సమయం ఛెయిర్ ఇష్టం. మూడు నిమిషాలకు సరిపడా రాసుకోండి, అంటే ఇంగ్లిష్‌లో 400 మాటలకు మించకుండా. ఛెయిర్, వైస్ ఛెయిర్, ర్యాంకింగ్ మెంబర్ (కమిటీలో ప్రతిపక్షం తరఫు ముఖ్య సభ్యుడు), సభ్యులు, ఈ వరుసలో సంబోధన. తర్వాత మీ పేరు, ఊరు, పిల్లల తరగతులు. మూడో వాక్యంలోనే మీ కోరిక వచ్చేయాలి.

ఒక వాక్యం ఎలా మారాలో చూడండి. "క్యాథలిక్ విద్య విలువలు నేర్పుతుంది, దయచేసి మా చర్చి బడిని ఆదుకోండి." ఇది రాయవద్దు. దానికి బదులు, ఉదాహరణకు: "మా బడి ట్యూషన్ 7,400 డాలర్లు. స్కాలర్‌షిప్ 6,166 పోగా మేము కట్టేది 1,234. ఈ పద్దును ఇప్పుడున్న స్థాయిలోనే ఉంచమని కోరుతున్నాను." మీ అసలు అంకెలు వేసుకోండి.

చర్చికి సాయం అనే మాట ఎందుకు వద్దంటున్నానంటే, ఒహైయో రాజ్యాంగం ఆరో అధికరణం రెండో సెక్షన్ ప్రకారం రాష్ట్ర బడి నిధుల్లో ఏ భాగం మీదా ఏ మతశాఖకూ ప్రత్యేక హక్కు గానీ అజమాయిషీ గానీ ఉండకూడదు. క్లీవ్‌లాండ్ వోచర్ల (ప్రైవేటు బడి ఫీజుకు ప్రభుత్వం ఇచ్చే సాయం) కేసులో 2002లో అమెరికా సుప్రీంకోర్టు 5-4తో అనుకూలంగా తీర్పిచ్చింది, బడిని ఎంచుకునేది ప్రభుత్వం కాదు, తల్లిదండ్రులేనన్న ఆధారం మీద. అది సమాఖ్య రాజ్యాంగం మాట. రాష్ట్ర రాజ్యాంగం కింద 2025 జూన్‌లో ఫ్రాంక్లిన్ కౌంటీ జడ్జి ఎడ్‌ఛాయిస్ చెల్లదన్నారు. అప్పీలు తేలేవరకు పథకం ఆగకుండా తీర్పు అమలును మాత్రం నిలిపారు. కాబట్టి ఎంపిక మీది, స్కాలర్‌షిప్ మీ పిల్లలది అన్నట్టే ప్రతి వాక్యమూ ఉండాలి. నిజం కూడా అదే.

ప్రశ్నలు మూడు రకాలుగా వస్తాయి. "ప్రభుత్వ బడుల డబ్బు పోవడం లేదా?" అంటే, 2021 చట్టం నుంచి స్కాలర్‌షిప్‌ను స్కూలు జిల్లా (స్థానిక ప్రభుత్వ బడులను నడిపే సంస్థ) వాటాలోంచి కోయకుండా రాష్ట్రమే నేరుగా ఇస్తోందని చెప్పండి. రెండూ ఒకే ఖజానా కదా అని రెట్టిస్తే, అవునని ఒప్పుకోండి. ప్రభుత్వ బడులకూ పూర్తి నిధులు ఇవ్వాలనే మేమూ కోరుకుంటున్నామనండి. "మీ పిల్లలు స్కాలర్‌షిప్‌కు ముందు నుంచే ఆ బడిలో ఉన్నారు కదా?" అంటే దాచవద్దు. "పిల్లల చదువుకు లెక్క ఎవరు చెబుతారు?" అంటే, స్కాలర్‌షిప్ పిల్లలు రాష్ట్ర పరీక్షలు గానీ అనుమతించిన ప్రత్యామ్నాయ పరీక్షలు గానీ రాస్తున్నారనండి. తెలియనిది అడిగితే "కనుక్కుని రాసి పంపుతాను" అంటే చాలు, కానీ తప్పకుండా పంపాలి.

జవాబు 5 (సిన్సినాటి నుంచి)

రెండు చిన్న విషయాలు. వెళ్ళేముందు బడి ద్వారా క్యాథలిక్ కాన్ఫరెన్స్ ఆఫ్ ఒహైయో వాళ్ళతో ఒకసారి మాట్లాడండి. బిషప్పుల తరఫున స్టేట్‌హౌస్‌లో పనిచేసేది వాళ్ళే. వాళ్ళు ఒక అంకె, మీరు ఇంకో అంకె అడిగితే ఇద్దరికీ నష్టం. బడి లాభాపేక్ష లేని సంస్థ కాబట్టి బిల్లు గురించి ఒక మేరకు మాట్లాడవచ్చు గానీ, ఫలానా అభ్యర్థికి వోటేయమని మాత్రం అనకూడదు. బడి వాట్సాప్ గ్రూపులో కూడా.

పిల్లల బడి బస్సుల గొడవ ఉంటే ఈ ప్రసంగంలో కలపకండి. ఎనిమిదో తరగతి లోపు, బడి రెండు మైళ్ళకు పైన, జిల్లా బడి నుంచి అరగంట ప్రయాణం లోపు అయితే బస్సు పంపాల్సిన బాధ్యత మీ స్కూలు జిల్లాది. ముందు అక్కడ అడగాలి.

జవాబు 3 కొనసాగింపు (కొలంబస్ నుంచి)

ఒకటి మరిచాను. కమిటీలో లేకపోయినా మీ సొంత ప్రతినిధికీ, సెనేటర్‌కూ అదే పేజీ పంపి, వాళ్ళు నియోజకవర్గంలో ఉన్నప్పుడు పదిహేను నిమిషాలు సమయం అడగండి. బిల్లు గవర్నర్ దగ్గరికి చేరాక ఆయన ఒక్కొక్క పద్దును విడిగా వీటో చేయగలరు. కాబట్టి జూన్ చివరి వారానికి గవర్నర్ కార్యాలయానికి పంపే నాలుగు వాక్యాల ఉత్తరం కూడా ఇప్పుడే రాసిపెట్టుకోండి.