రివర్బ్ (గదిలో మోగినట్టు వినిపించే ప్రతిధ్వని) పెడితే పాటంతా బురద బురదగా ఉంది. ఇలాంటి పాటలు అసలెలా కడతారు?

మోగేతీగ:
అట్మాస్ఫెరిక్ ఆల్టర్నేటివ్ రాక్ పాట. 96 బీపీఎం (నిమిషానికి 96 బీట్లు), ఈ మైనర్. రెండు గిటార్లు, బేస్, డ్రమ్స్, గొంతు. అన్నిటికీ హాల్ రివర్బ్ ఉంది. విడివిడిగా వింటే బాగున్నాయి, కలిపితే ఏది ఏదో తెలియట్లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

ముప్పావు_బీట్:
గిటార్ డిలేతో (వాయించిన స్వరాన్ని కాసేపాగి మళ్లీ వినిపించే ఎఫెక్ట్) మొదలుపెట్టండి. ఈ తరహాలో డిలే పైపూత కాదు, వాయింపులో సగం అదే. 60,000ని బీపీఎంతో భాగిస్తే మీ బీట్ 625 మిల్లీసెకన్లు. అందులో ముప్పావు, అంటే 469, డాటెడ్ ఎయిత్. డిలేకి అది పెట్టి ఎయిత్ నోట్లు (అర బీటుకొకటి) తిన్నగా వాయిస్తే రిపీట్లు ఖాళీల్లో పడి పావు బీటుకొకటి చొప్పున సిక్స్‌టీన్త్‌లు వినిపిస్తాయి. ఫీడ్‌బ్యాక్ (ఎన్ని రిపీట్లు రావాలో నిర్ణయించేది) 30 శాతం దగ్గర ఆపండి.

క్లిక్ (చెవిలో వినిపించే మెట్రోనోమ్ టిక్కు) తప్పనిసరి. డ్రమ్మర్ 98కి జారితే ఒక్కో రిపీట్ దాదాపు 10 మిల్లీసెకన్లు వెనకబడుతుంది. మూడో రిపీట్‌కల్లా తడబాటు తెలిసిపోతుంది.

ఇంకొకటి, బార్ కార్డులు (ఒకే వేలితో తీగలన్నీ అడ్డంగా నొక్కేవి) మానేసి పై బి, ఈ తీగల్ని తెరిచే ఉంచండి. కార్డు మారినా ఆ రెండు స్వరాలు మోగుతూనే ఉంటాయి కాబట్టి పాత కార్డు తోక (స్వరం ఆగాక మిగిలే మోత) కొత్తదానితో కొట్లాడదు.

లోకట్:
డిలే సంగతి సరే, బురద వేరే చోట ఉంది. ట్రాకుకొకటి పెట్టిన రివర్బ్‌లన్నీ తీసేయండి. రెండు ఆక్స్‌లు (ట్రాకులన్నీ పంచుకునే ఎఫెక్ట్ చానెళ్లు) చాలు: 1.2 సెకన్ల ప్లేట్ (లోహపు రేకు మోతలాంటి రివర్బ్), 4 సెకన్ల హాల్, రెండూ నూరు శాతం వెట్, అంటే అసలు ధ్వని లేకుండా రివర్బ్ మాత్రమే. రిటర్న్‌లో (ఆక్స్ నుంచి తిరిగొచ్చే ధ్వనిలో) 250 హెర్ట్జ్ కింద, 6 కిలోహెర్ట్జ్ పైన కోసేయండి. కిక్, బేస్ వాటి దరిదాపులకు కూడా వెళ్లకూడదు. గొంతుకి 60–80 మిల్లీసెకన్ల ప్రీడిలే (రివర్బ్ మొదలయ్యే ముందు విరామం) ఇస్తే మాట ముందు చెవిన పడుతుంది, తోక తర్వాత లేస్తుంది.

మోగేతీగ:
గిటార్ పెడల్స్‌లో రివర్బ్ తర్వాత ఓవర్‌డ్రైవ్ (ధ్వనిని గరుకుగా మార్చే ఎఫెక్ట్) ఉంది. అదీ తప్పేనా?

లోకట్:
తప్పని కాదు, షూగేజ్ (గిటార్ మోతతో నిండిన ఒక రాక్ శైలి) వాళ్లు కావాలనే అలా పెడతారు. ఓవర్‌డ్రైవ్ తోకని కూడా స్వరమంత ఎత్తుకి లేపి గోడలా నింపేస్తుంది. ఒక గిటారుకే ఉంచండి, రెండోది పొడిగా వదిలేయండి. రెండూ గోడలైతే గొంతు దూరే సందు ఉండదు.

గేట్‌మ్యాన్:
పైవన్నీ చేసినా వర్స్ (చరణం) నుంచే హాల్ నిండుగా ఉంటే కోరస్‌లో (పల్లవిలో) పెరగడానికేమీ మిగలదు. 1977లో బెర్లిన్ హన్సా స్టూడియోలో ‘హీరోస్’ పాటకి డేవిడ్ బోవీ గొంతు రికార్డు చేస్తూ నిర్మాత టోనీ విస్కాంటీ మూడు మైకులు పెట్టాడు: ఒకటి నోటి దగ్గర, ఒకటి సుమారు 20 అడుగుల దూరంలో, మూడోది 50 అడుగుల దూరంలో. దూరపు రెండిటికీ గేట్లు (ధ్వని ఒక స్థాయి దాటితేనే వదిలేవి). బోవీ గొంతెత్తితేనే అవి తెరుచుకునేవి, అప్పుడే గది వినబడేది.

మీ మిక్స్‌లో అయితే హాల్ ఆక్స్‌లో రివర్బ్‌కి ముందు గేట్ పెట్టండి. తర్వాత పెడితే తోక తెగుతుంది. థ్రెషోల్డ్ (గేట్ తెరుచుకునే స్థాయి) వర్స్ పీకుల కంటే 3 డీబీ పైన. సెండ్ (ఆక్స్‌కి పంపే ధ్వని) మాత్రం గొంతు కంప్రెసర్‌కి (పెద్ద, చిన్న ధ్వనుల తేడా తగ్గించేది) ముందు నుంచే తీయాలి. కంప్రెసర్ దాటాక వర్స్, కోరస్ ఒకే ఎత్తుకి వచ్చేస్తాయి, ఇక గేట్‌కి తేడా పట్టుకునే వీలుండదు.