డేటాబేస్ పరిమితి దాటిన ఖాతాదారులతో మీరెలా నెగ్గుకొస్తున్నారు?

బరంపురం సభ్యుడు:
ఇక్కడ దుకాణాలకూ బడులకూ వెబ్‌సైట్లు నడిపిపెడుతూ, ఒక్కొక్కరికి 500 ఎంబీ డేటాబేస్ అని ఒప్పుకుంటాను. డేటాబేస్‌కు ఇంతే అని హద్దు కట్టే ఏర్పాటు డేటాబేస్ సాఫ్ట్‌వేర్ అయిన మైఎస్‌క్యూఎల్‌లో లేదు కనుక, రాత్రిపూట ఒక స్క్రిప్టు టేబుళ్ల ఫైళ్లను కొలిచి, పరిమితి దాటిన ఖాతాకు ఇన్సర్ట్ (కొత్త వరుసలు చేర్చే) అనుమతిని తీసివేస్తుంది. నిన్న చీరల దుకాణం ఆయన రెండేళ్ల పాత ఆర్డర్లు తుడిపించారు. లెక్క మాత్రం 612 ఎంబీ దగ్గరే కూర్చుంది. "తుడిచినా తగ్గదంటే మీ త్రాసులోనే దోషముంది" అన్నారు. నా దగ్గర జవాబు లేకపోయింది.

రాయగడ సభ్యుడు:
త్రాసు సరైనదేనండి. తుడిచిన వరుసల చోటును ఇన్నోడీబీ (మైఎస్‌క్యూఎల్‌లో టేబుళ్లను భద్రపరిచే భాగం) రాబోయే వరుసల కోసం అట్టిపెట్టుకుంటుంది తప్ప డిస్కుకు తిరిగి ఇవ్వదు. ఆప్టిమైజ్ టేబుల్ అనే ఆదేశం నడిపితే టేబుల్‌ను కొత్తగా కట్టి ఫైలును చిన్నది చేస్తుంది. అయితే పాతది తీసే లోపల కొత్తది పక్కన నిలవాలి కాబట్టి డిస్కులో అంత ఖాళీ ముందే ఉండాలి. టేబుల్‌కొక ఫైలు అన్నది మైఎస్‌క్యూఎల్ 5.6 నుంచి డిఫాల్టు. అంతకు ముందటి ఉమ్మడి ఫైలు దీనితో తగ్గదు. ఇన్ఫర్మేషన్ స్కీమా (మైఎస్‌క్యూఎల్ తన టేబుళ్ల వివరాలు చూపే చోటు) అంకెలతో కొలిచేవారైతే మరొకటి గమనించాలి: 8.0 వెర్షన్ వాటిని 86,400 సెకన్ల వరకు, అంటే ఒక రోజు పాటు, పాతవే చూపగలదు. స్క్రిప్టు మొదట్లోనే నేను ఆ గడువును 0 చేస్తాను.

సిరొంచ సభ్యుడు:
నా అభ్యంతరం ఇన్సర్ట్ తీసివేయడం మీదే. వెబ్‌సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్, ఎవరైనా లాగిన్ కాగానే వారు లోపలికి వచ్చారన్న సెషన్ గుర్తును యూజర్‌మెటా టేబుల్‌లో రాసుకుంటుంది. అది రాయలేకపోతే పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా మళ్లీ లాగిన్ పేజీయే వస్తుంది. ఇల్లు ఊడ్చుకోమని చెప్పి తలుపుకు తాళం వేసినట్టే కదా! మా ఖాతాదారు ఒకావిడ మూడుసార్లు పాస్‌వర్డ్ మార్చుకున్నాక గాని నా తప్పు నాకు తెలియలేదు.
ఇక మా వైపు తెలుగు, మరాఠీ రెండూ రాస్తారు. యూటీఎఫ్-8లో 'కి' ఒక్కటే 6 బైట్లు. అయినా నింపేది లిపి కాదు, రివిజన్లు. వ్యాసం మార్చి భద్రపరచిన ప్రతిసారీ పూర్తి నకలు మిగులుతుంది. వాటిని 5కు కుదించాను. ఫోటోలు డేటాబేస్‌లో ఉండవని మాత్రం ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ నమ్మరు.

బరంపురం సభ్యుడు:
ఆప్టిమైజ్ చేస్తే 344కు దిగింది. ఇన్సర్ట్ తిరిగి ఇచ్చాను. ఇకపై 400 దాటగానే హెచ్చరిక, 500 దాటాక ఏడు రోజుల గడువు. కొత్త అంకె పంపితే చీరల దుకాణం ఆయన, తుడిచిన ఆర్డర్ల నకలు ఎక్కడైనా ఉందా అని అడిగారు. అదృష్టవశాత్తూ ముందు రాత్రి బ్యాకప్‌లో ఉంది.