సమస్యాపూరణం: “వ్రాయనట్టి నవల కడు వాసికెక్కె”

నిర్వాహకులు (హనుమకొండ): ఇచ్చిన పాదం చివరిదయ్యేలా పై మూడు పాదాలు రాసి పద్యం పూర్తిచేయడమే సమస్యాపూరణం. ఈ వారం ఛందస్సు తేటగీతి. మొదటి భాగం చదివి మలిభాగం కోసం కళ్ళు కాయలు కాసిన నవలాభిమానులకు ఈ సమస్య కొత్తేమీ కాదు.

పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్ళీ రెండు సూర్యగణాలు. గణమంటే లఘువులు (పొట్టి అక్షరాలు), గురువులు (దీర్ఘం, సున్న ఉన్నవి, జంటాక్షరం ముందువి) కూడిన గుంపు. సూర్యగణాలు రెండు: గలం (గురువు, లఘువు), నగణం (మూడు లఘువులు). ఇంద్రగణాలు అంతకంటే పెద్దవి. నాలుగో గణం మొదటి అక్షరం యతిస్థానం, అంటే అది పాదం మొదటి అక్షరంతో పొత్తు కలవాలి. ప్రాసనియమం (అన్ని పాదాల్లో రెండో అక్షరం ఒకటే కావడం) లేదు, యతికి బదులు ప్రాసయతి (రెండో అక్షరాల పొత్తు) చెల్లుతుంది. సమస్యాపాదం ఇలా విడుతుంది: వ్రాయ – నట్టిన – వలకడు – వాసి – కెక్కె. ‘నవల’ అన్న మాట రెండు గణాల మధ్య చీలింది చూడండి. మాట దగ్గర ఆగి లెక్కపెడితే గణాలు తేలవు. రాయని నవలకు పేరెలా వచ్చిందో పై మూడు పాదాల్లో కారణం కనబడాలి. ‘కలలో’ అనో ‘వెర్రివాడు పలికె’ అనో దాటేసిన పూరణలు తీసుకోం.

నర్సంపేట సభ్యురాలు:

మొదటి భాగమ్ము చివరను ముడిని బెట్టి
రెండవది వచ్చునని వేచి రేయిఁబవలు
పాఠకులె యూహలను జేసి పంచుకొనఁగ
వ్రాయనట్టి నవల కడు వాసికెక్కె.

నిర్వాహకులు: అమ్మా, సమస్యకు సూటిగా తగిలిన పూరణ. గణాలు, యతులు శుద్ధం. ఒక్క అన్వయం (మాటల పొందిక) సరిచూడండి. ‘బెట్టి’ అన్నది క్త్వార్థకం (‘చేసి’, ‘చూసి’ వంటి అసమాప్త క్రియ) కనుక దాని కర్తే తర్వాతి క్రియకూ కర్త కావాలి. అప్పుడు ముడి వేసింది కూడా పాఠకులే అవుతారు. ముడి వేసింది రచయిత, వేచింది పాఠకులు. ‘ముడిని బెట్ట’ అంటే చాలు, గణం మారదు, కర్తలు విడిపోతారు.

పరకాల సభ్యుడు:

వారపత్రిక కొరకు వాకిట నిలిచి
నిత్య మడిగిరి కథలోని నెలఁత గూర్చి
వచ్చు సంచిక కింకను వ్రాఁత లేదు
వ్రాయనట్టి నవల కడు వాసికెక్కె.

నిర్వాహకులు: సీరియల్ నడక తెలిసినవారి ఊహ. వచ్చే వారం భాగం ఇంకా కాగితం మీద పడకముందే కథానాయిక ఏమవుతుందోనని ఊరంతా మాట్లాడుకోవడం వారపత్రికల రోజుల్లో మామూలు. అయితే మొదటి పాదంలో గణభంగం, దాంతోపాటే యతిభంగం.

పరకాల సభ్యుడు: సార్, ‘వా’కు ‘వా’ మంచిగనే కుదిరింది గదా. యతి ఎట్ల తప్పినట్టు?

నిర్వాహకులు: అక్షరం కలిస్తే చాలదు, స్థానంలో పడాలి. విడదీసి చూడండి: వార (గలం), పత్రిక (భగణం, ఒక గురువు రెండు లఘువులు), ఇక్కడిదాకా బాగుంది. మూడోది ఇంద్రగణం కావాలి. ‘కొరకు’లో ఉన్నవి మూడు లఘువులే. అది నగణం, సూర్యగణాల్లో చేరుతుంది. అందుకని పక్కనున్న ‘వా’ను లాక్కొని ‘కొరకువా’ అని నగం (మూడు లఘువులు, ఒక గురువు) అయి కూర్చుంది. ఇక నాలుగో గణం ‘కిటని’, యతిస్థానంలోకి ‘కి’ వచ్చింది. చివరికి ‘లిచి’ అని రెండు లఘువులే మిగిలాయి. రెండు తప్పులకూ మూలం మూడో గణంలో తక్కువైన ఒక్క అక్షరమే. ‘కొఱకునై’ అనండి, ‘వా’ దాని చోటికి అదే వస్తుంది. ‘నిలిచి’ని కింది పాదానికి దించితే చోటు నింపే భర్తీపదంలా ఉన్న ‘నిత్య’ కూడా పోతుంది.

పరకాల సభ్యుడు: సవరించిన, చూడుండ్రి.

వారపత్రిక కొఱకునై వాకిలందు
నిలిచి యడిగిరి కథలోని నెలఁత గూర్చి
వచ్చు సంచిక కింకను వ్రాఁత లేదు
వ్రాయనట్టి నవల కడు వాసికెక్కె.

నిర్వాహకులు: ఇప్పుడు నిర్దుష్టం.

మహబూబాబాద్ సభ్యురాలు:

చింపి పుటలను కుట్టిన సంపుటమున
కడపటి పుటలు లేకున్నఁ గలసి కూర్చి
తలకొకటి ముగింపు నుడువఁ దాము దాము
వ్రాయనట్టి నవల కడు వాసికెక్కె.

నిర్వాహకులు: పత్రికల్లోంచి సీరియల్ కాగితాలు చింపి కుట్టుకున్న సంపుటాల్లో ఎప్పుడూ ఆఖరి కాగితాలే ముందు ఊడతాయి. ఆ సంగతి పద్యంలో చక్కగా పట్టారు. మొదటి పాదం కొత్తవారు గమనించాలి. ‘చిం’కు ‘సం’ యతిమైత్రి లేదు, స్వరాలు కలవవు. అక్కడున్నది ప్రాసయతి: చింపి – సంపు. రెంటిలోనూ మొదటి అక్షరం గురువు, సున్నతో కూడినది. రెండో అక్షరం పకారం. ఈ మూడూ కుదిరితేనే ప్రాసయతి. ‘చింపి’కి ‘సొంపు’ చెల్లుతుంది, ‘చెప్పు’ చెల్లదు. ‘కలసి కూర్చి’ కొంచెం లాగినట్టుంది, దోషం మాత్రం కాదు.

జనగామ సభ్యుడు:

ప్రజల మనిషికిఁ దరువాత బయలుదేరి
గంగు సగమున నాఁగెను కర్త పోవ
మిగిలినది చదువరిలోన మెఱయుచుండ
వ్రాయనట్టి నవల కడు వాసికెక్కె.

నిర్వాహకులు: ఈ వారానికి ఉత్తమ పూరణ ఇదే. వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’కి కొనసాగింపుగా ‘గంగు’ మొదలుపెట్టి, పూర్తికాకముందే 1961లో కన్నుమూశారు. అసంపూర్తిగానే అది అచ్చయింది. తెలంగాణ బతుకును వరుస నవలల్లో చెప్పాలన్న ఆ తలంపును దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’, ‘మోదుగుపూలు’, ‘జనపదం’ నవలలతో ముందుకు నడిపారు. అందుకే మూడో పాదం ఉత్త ఊహ కాదు, ఆ మెరుపు మరో కలంలోకి నిజంగానే పాకింది. ‘ప్ర–బ’ వర్గయతి (ఒకే వర్గపు హల్లుల పొత్తు), ‘గం–క’ కూడా అంతే.

నర్సంపేట సభ్యురాలు: ‘కర్త పోవ’ కాస్త మోటుగా లేదూ? ‘కర్త కన్నుమూయ’ అంటే?

నిర్వాహకులు: మీరన్నది మర్యాదగానే ఉంది కానీ కర్త – కన్ను – మూయ అని మూడు గలాలవుతాయి. అక్కడ చోటు రెంటికే. ‘కర్త’ తీసేస్తే కన్నుమూసింది గంగు అనిపిస్తుంది. ఉన్నదే ఉండనివ్వండి.

కాజీపేట సభ్యుడు:

నన్నయారణ్యపర్వము నడుమ నిలిపె
తిక్కన విరాటమును బట్టి తీర్చె తుదిని
యెఱ్ఱనకు ముందె నడిమిది యెందఱడుగ
వ్రాయనట్టి నవల కడు వాసికెక్కె.

నిర్వాహకులు: ధార బాగుంది, పోలికా గొప్పది. ఆరణ్యపర్వం నాల్గవ ఆశ్వాసంలో నన్నయ ఆగారు, తిక్కన విరాటపర్వం నుంచి ఎత్తుకున్నారు, నడిమి లోటు ఎఱ్ఱన పూరించారు. తుది ముందొచ్చి నడుమ తర్వాత రావడం ఏ నవలామాలికలోనూ ఇంత ఘనంగా జరగలేదు. కానీ భారతాన్ని నవల అంటే అన్వయం విరుగుతుంది. ఉపమానంగా వాడండి, నిలబడుతుంది. మూడో పాదం ఇలా మార్చి చూడండి: ‘అట్టి ఖాళియె కథలోన నలరుచుండ’. అ–న(అ) స్వరయతి (అచ్చుల పొత్తు; ‘నలరు’ అంటే న్ చేరిన ‘అలరు’). పాదం ‘యె’తో మొదలుకాదు కాబట్టి ‘తుదిని’ దగ్గర వాక్యం ఆపుకోవచ్చు.

కాజీపేట సభ్యుడు: ఎఱ్ఱన పేరు పోవడం ఒక్కటే బాధ. అర్థం కుదిరింది కాబట్టి మీ సవరణే తీసుకుంటాను.

తొర్రూరు సభ్యుడు:

పాలకుర్తిని తన సాగు పంటఁ గాచి
దొరల కెదురొడ్డి నిలిచిన దొడ్డమనిషి
కలముఁ బట్టని యైలమ్మ కదనమాడి
వ్రాయనట్టి నవల కడు వాసికెక్కె.

నిర్వాహకులు: నవలకు స్త్రీ అన్న అర్థం తీసుకొని చాకలి ఐలమ్మ మీద పూరించారు. విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు తిరిగి పంట దక్కించుకున్న మనిషికి ‘దొడ్డమనిషి’ సరిగ్గా అమరింది. ‘కలముఁ బట్టని’, ‘వ్రాయనట్టి’ పునరుక్తిలా తోస్తాయి. అయినా ఆ మాట లేకపోతే సమస్యకు సమర్థనే ఉండదు కనుక ఉంచాల్సిందే.

వచ్చే వారానికి ఆటవెలది నాలుగో పాదం, ఐదూ సూర్యగణాలే, యతి చి–చే:

“చివరి పుటను చింపి చేతికిచ్చె”

ఆటవెలదిలో బేసి పాదాలకు మూడు సూర్యగణాల తర్వాత రెండు ఇంద్రగణాలు రావాలి. తేటగీతి అలవాటులో మొదటి పాదం రెండో చోటే ఇంద్రగణం పడేస్తుంటారు, పంపేముందు అది ఒక్కటీ చూసుకోండి. పూరణలు శుక్రవారం రాత్రిలోగా పెట్టండి.